ఆరేలోపు తేల్చుకోవాల్సిందే: నైరూప్య చిత్రంలో రంగు, సామగ్రి, స్ఫురణ

మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో ఫ్యాను కింద పలుచగా పూసిన ఆక్రిలిక్ రంగు ఐదు నిమిషాలకే పైన పొర కట్టేస్తుంది. అదే రంగు శ్రావణమాసపు ముసురులో కాకినాడలో అరగంట గడిచినా వేలికి అంటుతూనే ఉంటుంది. నూనె రంగుల లెక్క వేరు. పలుచటి పూత అంటుకోకుండా ఆరడానికి రెండు రోజులు పట్టొచ్చు, రెండు వారాలూ పట్టొచ్చు. ఏ రంగుపొడితో చేశారన్నదాన్ని బట్టి అది మారుతుంది. తుడిచేయాలా, ఉంచేయాలా, మీద ఇంకో రంగు లాగాలా, కత్తితో గీకాలా అన్నవన్నీ ఈ గడువులోపు తేల్చుకోవాల్సినవే. నైరూప్య చిత్రకళ గురించి మాట్లాడేటప్పుడు స్ఫురణ, అంతఃప్రేరణ లాంటి పెద్ద మాటలు దొర్లుతుంటాయి. అవి అబద్ధాలేమీ కావు. కానీ స్టూడియోలో పక్కన నిలబడి చూస్తే, ఆ స్ఫురణలో సగానికి పైగా ఆరే గడువు మీద చేతికి కుదిరిన పట్టే.

రూపచిత్రంలో ముక్కు వంకరపోతే చూసేవాళ్లెవరైనా పట్టేస్తారు. నైరూప్య చిత్రానికి అలా పక్కన పెట్టి పోల్చుకునే వస్తువు ఉండదు. "అందులో ఎలా వేసినా చెల్లుతుంది" అన్న అపోహ అక్కడే పుట్టింది. చెల్లదు. ఇక్కడ తప్పు పట్టేది సామగ్రి. రంగు బురదవుతుంది, సుద్దబారుతుంది, పొర ఊడొస్తుంది, మూడేళ్లకు పగుళ్లు తేలతాయి, ఇరవై ఏళ్లకు వెలిసిపోతుంది. మొదటి రెండు తప్పులూ వేసిన రోజే కనిపిస్తాయి. మిగతావి చిత్రం చేతులు మారాక బయటపడతాయి.

రంగు ఎక్కడ చెడుతుంది

బురదకు అసలు కారణం ఎక్కువ రంగులు కలపడం అని అందరూ చెబుతారు. అంతకన్నా కచ్చితంగా చెప్పాలంటే, ఎక్కువ రంగుపొడులు కలపడం. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో కోడ్ ఉంటుంది. పీబీ 29 అంటే అల్ట్రామెరీన్ నీలం, పీవై 35 క్యాడ్మియం పసుపు, పీవీ 19 క్వినాక్రిడోన్ ఊదా ఎరుపు, పీడబ్ల్యూ 6 టైటానియం తెలుపు. పేరు ముందువైపు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, వెనక మూడు కోడ్‌లు ఉంటే అందులో మూడు పొడులు ఉన్నట్టే. అలాంటి ట్యూబులు రెండు కలిపితే ఆరు పొడులు ఒకేసారి గిన్నెలో పడతాయి. ఒక్కో పొడి కాంతిలో ఒక్కో భాగాన్ని మింగేస్తుంది. ఆరూ కలిసి దాదాపు అంతా మింగేస్తే కంటికి మిగిలేది మురికి గోధుమ రంగు. పేరు చివర 'హ్యూ' అని ఉంటే, అసలు పొడికి బదులు చౌకవాటిని కలిపి ఆ ఛాయ తెప్పించారని అర్థం. సాధన చేసుకోవడానికి అది చాలు. పొరల మీద పొరలు వేసే పనికి మాత్రం ఒకే కోడ్ ఉన్న ట్యూబులు ఆరేడు కొనుక్కోవడం మంచిది. పెద్ద పెట్టెలో వచ్చే ఇరవై నాలుగు రంగులకన్నా అవే ఎక్కువ పనిచేస్తాయి.

రంగుపొడుల బలం కూడా ఒక్కలా ఉండదు. థాలో నీలం, అంటే పీబీ 15, చెంచాడు తెలుపులో ఆవగింజంత పడినా మొత్తం నీలమైపోతుంది. అదే గాఢత అల్ట్రామెరీన్‌తో రావాలంటే చాలా రెట్లు ఎక్కువ వేయాలి. అందుకే బలమైన రంగులో తెలుపు కలుపుతూ పోకూడదు. తెలుపులోకి ఆ రంగును కొసరి కొసరి వేయాలి. వరస తిరగేస్తే కావలసిన ఛాయ వచ్చేసరికి అరలీటరు రంగు తయారవుతుంది, అందులో ముప్పాతిక వృథా.

తెలుపు దగ్గరే ఇంకో చిక్కు. టైటానియం తెలుపు కాస్త చల్లటి తెలుపు, పైగా దళసరిగా కప్పేస్తుంది. ఎరుపును తేలిక చేద్దామని దాన్ని కలిపితే ఎరుపు తేలికవడానికి బదులు గులాబీకి తిరిగి సుద్దబారుతుంది. వెలుగు కావాల్సినచోట తెలుపు కలపకుండా తెల్లటి అడుగును వాడుకోవడం పాత ఉపాయం. క్వినాక్రిడోన్ లాంటి పారదర్శకమైన రంగును ఒక వంతు తీసుకుని పది వంతుల గ్లేజింగ్ మీడియంలో (రంగును పారదర్శకంగా పలచబరిచే ద్రవం) కలిపి, ఆరిన పసుపు మీద పరవాలి. కాంతి ఆ ఎర్రటి పొరలోంచి దిగి, కింది పసుపును తాకి, మళ్లీ ఎరుపులోంచే పైకి వస్తుంది. అలా వచ్చే నారింజకు లోతు ఉంటుంది. అవే రెండు రంగులు గిన్నెలో కలిపి పూస్తే వచ్చే నారింజ రంగే అయినా, గోడకు వేసిన పెయింటులా చదునుగా పడి ఉంటుంది. ఒక్కో పొరా పూర్తిగా ఆరాకే తర్వాతిది వేయాలన్నది ఇందులో షరతు. తొందరపడి పచ్చిగా ఉండగానే మీద బ్రష్ తిప్పితే కింది పొర లేచి పైదానిలో కలుస్తుంది. మళ్లీ బురదే.

ఆక్రిలిక్‌తో పనిచేసేవాళ్లను మొదట్లో బాగా తికమక పెట్టేది ఆరాక ముదిరే రంగు. ఆక్రిలిక్ బైండర్, అంటే రంగుపొడిని పట్టి ఉంచే జిగురు, తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది, నీరు ఆవిరై ఆరేసరికి గాజులా తేటపడుతుంది. ఆ పాల తెలుపు పోగానే రంగు ఒక మెట్టు చిక్కబడుతుంది. తడిలో సరిగ్గా సరిపోయిందనుకున్న నీలం, గంట తర్వాత పక్కనున్న పాత నీలంకన్నా ముదురుగా తేలుతుంది. ముఖ్యంగా ముదురు, పారదర్శక రంగుల్లో ఈ తేడా ఎక్కువ. దీనికి మందు తేలికే: కలిపిన రంగును కాగితం ముక్క మీద రాసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, కాన్వాస్ మీద ఆనించి చూడాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే.

పొరుగు రంగు చేసే మాయ

రంగు తన గుణం వల్లే కాదు, పొరుగు వల్ల కూడా మారుతుంది. పారిస్‌లోని గోబెలాన్ తివాచీల కర్మాగారంలో అద్దకం విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రెల్‌కు నల్ల దారం సరిగా నల్లగా లేదని ఫిర్యాదులు వచ్చాయి. దారంలో లోపం లేదు. దాని పక్కన నేసిన నీలం, ఊదా రంగులు కంటిలో చేసే తంతు అది. ఆ పరిశీలనను ఆయన 1839లో పుస్తకంగా తెచ్చాడు. తర్వాత చిత్రకారులు దాన్ని ఎన్నో రకాలుగా వాడుకున్నారు గానీ, జోసెఫ్ ఆల్బర్స్ అంత పట్టుదలగా ఎవరూ వాడలేదేమో. 1950 నుంచి 1976లో చనిపోయేదాకా ఆయన ఒకే అమరిక వేశాడు, ఒకదానిలో ఒకటి ఒదిగిన మూడు నాలుగు చతురస్రాలు.

ఆల్బర్స్ పని చూస్తే స్ఫురణ గురించి ఒక సంగతి తెలుస్తుంది. మేసనైట్ అనే గట్టి చెక్కపొట్టు అట్ట మీద తెల్లటి అడుగు పూతలు వేసేవాడు. రంగులు ఎక్కువగా కలపకుండా, ట్యూబులోంచి నేరుగా తీసి ప్యాలెట్ నైఫ్‌తో, అంటే రంగు పరిచే చిన్న కత్తితో, పరిచేవాడు. మధ్య చతురస్రం ముందు, ఆ తర్వాత వరసగా బయటివి. ఇళ్లకు రంగులు వేసే తండ్రి దగ్గర తలుపును మధ్య నుంచి అంచులకు వేయడం నేర్చుకున్నాడు. అలా వేస్తే కారిన చుక్కలు తర్వాతి పూతలో కలిసిపోతాయి, చొక్కా చేతులకు అంటవు. పని పూర్తయ్యాక ఏ కంపెనీ, ఏ రంగు, ఏ వార్నిష్ అన్నది అట్ట వెనక రాసిపెట్టేవాడు. ఏ పసుపు పక్కన ఏ బూడిద పెట్టాలన్న ఎంపికకు సూత్రమేమీ లేదు, కంటితో చూసి నిర్ణయించిందే. అది తప్ప మిగతా ప్రతిదాన్నీ ఆయన కదలకుండా కట్టిపడేశాడు. అన్నీ ఒకేసారి మారుతుంటే ఏది పనిచేసిందో కంటికి తెలిసే వీలుండదు.

ఇది ఎవరైనా చేసి చూడొచ్చు. ఒకే బూడిద రంగు కాగితాన్ని రెండు అంగుళాల చతురస్రాలుగా రెండు కత్తిరించి, ఒకటి గాఢమైన నారింజ మీద, ఇంకొకటి గాఢమైన నీలం మీద ఉంచాలి. నారింజ మీది బూడిద కాస్త నీలం తిరుగుతుంది, నీలం మీదిది వెచ్చబడుతుంది. కాన్వాస్ మీద ఒక మూల రంగు మార్చగానే అవతలి మూల చెడిపోయినట్టు అనిపించడానికి కారణం ఇదే. చెడిపోయినదాన్ని సరిదిద్దబోయే ముందు దాని పొరుగును చూడటం అలవాటైతే సగం పని తప్పుతుంది.

పీల్చుకునే గుడ్డ

1952 అక్టోబరులో న్యూయార్క్‌లో ఇరవై మూడేళ్ల చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెంథాలర్ దాదాపు ఏడడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పున్న కాన్వాస్‌ను నేల మీద పరిచింది. అడుగు పూత వేయలేదు. బొగ్గుతో కొన్ని గీతలు గీసి, టర్పెంటైన్‌లో నీళ్లలా పలచబరిచిన నూనె రంగులు పోసింది. రంగు గుడ్డ మీద నిలబడకుండా లోపలికి ఇంకింది. 'మౌంటెన్స్ అండ్ సీ' అన్న ఆ చిత్రాన్ని మరుసటి ఏడాది వాషింగ్టన్ నుంచి వచ్చిన చిత్రకారులు మోరిస్ లూయిస్, కెనెత్ నోలాండ్ చూశారు. వాళ్లిద్దరి దారీ అక్కడ మారింది.

ఆ పద్ధతిలో ఉన్న లోపం కూడా చెప్పుకోవాలి. నూనె తగిలిన నూలు గుడ్డ కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది, రంగు మరక చుట్టూ నూనె వలయం పాకుతుంది. అడుగు పూత ఉండేదే గుడ్డకూ నూనెకూ మధ్య అడ్డుగోడగా. లూయిస్ వాడిన మాగ్నా రంగులు నూనెవి కావు, టర్పెంటైన్‌లో కరిగే ఆక్రిలిక్ రెజిన్‌వి. ఫ్రాంకెంథాలర్ కూడా 1960ల మొదట్లో ఆక్రిలిక్‌కు మారింది. నీళ్లలో కలిసే ఆక్రిలిక్‌తో ఇప్పుడు అదే పని గుడ్డకు హాని లేకుండా చేయొచ్చు.

చేసేవాళ్లు ఇలా మొదలుపెట్టాలి. పది నుంచి పన్నెండు ఔన్సుల కాటన్ డక్ (దళసరి నూలు గుడ్డ) తీసుకుని, గంజి పోయేలా వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టాలి. గంజి ఉన్న గుడ్డ నీళ్లను తోసేస్తుంది, రంగు చుక్కలు చుక్కలుగా పైనే నిలుస్తుంది. నేల మీద దళసరి ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద గుడ్డ వేసి, స్ప్రేతో చెమ్మగిల్లేలా తడపాలి. ద్రవంగా ఉండే ఆక్రిలిక్ ఒక భాగానికి నాలుగు నుంచి పది భాగాల నీళ్లు కలపాలి. నీటి తలతన్యత తగ్గించే ఫ్లో ఏజెంట్ కొద్దిగా చేరిస్తే రంగు సాఫీగా ఇంకుతుంది. అంట్లు తోమే లిక్విడ్ చుక్క వేసేవాళ్లూ ఉన్నారు, అయితే నురగ బుడగలు ఆరిన చోట గుండ్రటి మచ్చలు మిగులుతాయి. గుడ్డ ఎంత తడిగా ఉంటే అంచులు అంత మెత్తగా పాకుతాయి. పొడిగా ఉంటే అంచు గట్టిగా కట్ అయినట్టు వస్తుంది. ఆరే దశలో గుడ్డను ప్లాస్టిక్ మీదే వదిలేస్తే కింద నిలిచిన నీళ్లు రంగును ఈడ్చి అనుకోని చోట గుమ్మరిస్తాయి. కొందరికి ఆ మరకే కావాలి. అక్కర్లేనివాళ్లు గంటలోపు గుడ్డను లేపి తీగ మీద వేసుకోవాలి. ఆరాకే ఫ్రేముకు బిగించాలి, ఎందుకంటే తడిసిన గుడ్డ ఆరుతూ కుంచించుకుపోయి మూలలను లాగేస్తుంది.

తుడిచే వీలు లేని పని ఇది. ఇంకిన రంగును ఏ గుడ్డా వెనక్కి తీసుకురాలేదు. కాబట్టి స్ఫురణ అంతా పోయకముందే జరగాలి, గిన్నెలో నీటి మోతాదు ఎంతన్నదానిలో, గుడ్డ ఎంత తడిగా ఉందన్నదానిలో. గెస్సో, అంటే తెల్లటి అడుగు పూత, పూసిన కాన్వాస్ మీద ఇంత పలచటి రంగు వేస్తే కథ అడ్డం తిరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ ఇంకే చోటు లేదు, బైండర్ పలచబడి రంగు పొడిపొడిగా ఆరి, వేలితో రుద్దితే వచ్చేస్తుంది. అలాంటి కాన్వాస్ మీద పలచబరచాలంటే నీళ్ల బదులు ఎక్కువగా మీడియంనే వాడాలి.

తీసేయడం కూడా వేయడమే

చిత్రకారుడు వాసుదేవ్ ఎస్. గాయ్‌తోండే 1924లో నాగపూర్‌లో పుట్టి, 1948లో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్‌లో డిప్లొమా పూర్తిచేసి, 1972లో ఢిల్లీకి మారాడు. తన పనిని 'అబ్‌స్ట్రాక్ట్' అంటే ఒప్పుకునేవాడు కాదు, 'నాన్ ఆబ్జెక్టివ్' (వస్తువును చూపనిది) అనేవాడు. ఏడాదికి వేసే కాన్వాస్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎక్కువ సమయం కూర్చుని చూడటానికే పోయేది. ధ్యానం, జెన్ అంటూ ఆయన గురించి రాసే రాతలు ఈ మౌనం చుట్టూనే తిరుగుతాయి. చేతుల్లో ఉన్నదేమిటో చూస్తే ఇంకాస్త పని తెలుస్తుంది. రోలర్లు, ప్యాలెట్ నైఫ్‌లు, చింపిన కాగితం ముక్కలు. రోలర్‌తో పొర పరచడం, కాగితంతో అద్ది రంగు ఎక్కించడం, ఉన్నదాన్ని లేపేయడం, కత్తితో లాగి కింది పొరను బయటపెట్టడం. 2014లో న్యూయార్క్‌లోని గుగ్గన్‌హైమ్ మ్యూజియం ఆయన మీద పెట్టిన పెద్ద ప్రదర్శన శీర్షికలోనే 'ప్రాసెస్' అన్న మాట ఉంది. అది సరైన మాట.

ఈ లేపే పద్ధతిని ఎవరైనా సాధన చేయాలంటే ముందు అడుగు గట్టిగా ఉండాలి. గెస్సో మూడు పూతలు, ఒక్కోటి ఆరాక 220 నంబరు ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్దాలి. దాని మీద లేత రంగు పొర వేసి పూర్తిగా ఆరనివ్వాలి. నూనె రంగైతే కనీసం వారం, ఇంకా ఎక్కువైనా మంచిదే. ఆపైన ముదురు నూనె రంగును రబ్బరు రోలర్‌తో సన్నటి పొరగా పరచాలి. ఇప్పుడు ఆగాలి. తడిగా ఉండగానే కాగితం వేస్తే రంగంతా దానికే వచ్చేస్తుంది, లేదా పక్కకు జారి అలుక్కుపోతుంది. బాగా ఆరాక వేస్తే కాగితం అతుక్కుని చిరుగుతుంది, పీలికలు కాన్వాస్ మీదే మిగులుతాయి. మధ్యలో జిగట దశ ఒకటుంది. వేలు ఆనించి తీస్తే చిన్న 'చప్' శబ్దం వస్తుంది, వేలికి మాత్రం రంగు పెద్దగా అంటదు. అరిసెల పాకం తీగ దాటి ముదిరేలోపు పిండి పోయాలని తెలిసినవాళ్లకు ఈ దశ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆ దశలో చింపిన కాగితం పరిచి, వెనక నుంచి పొడి రోలర్ ఒకసారి నడిపి, ఒక మూల నుంచి నెమ్మదిగా లేపాలి. కాగితం పీల్చినంత మేర రంగు వచ్చి, కింది లేత పొర మసగ్గా తేలుతుంది. అంచు చింపినదే కావాలి, కత్తెరతో కత్తిరించిన అంచు గీత గీసినట్టు పడుతుంది. వార్తాపత్రిక అయితే దాని సిరా అద్దుకునే ప్రమాదం ఉంది, అచ్చులేని న్యూస్‌ప్రింట్ మేలు.

జిగట దశ ఎప్పుడొస్తుందో చెప్పే పట్టిక లేదు. అంబర్ లాంటి మట్టి రంగులు మాంగనీసు వల్ల తొందరగా ఆరతాయి, ఐవరీ నలుపు, క్యాడ్మియంలు మొరాయిస్తాయి. ఒకే కాన్వాస్ మీద గోధుమ రంగు చోట పొద్దున్నే లేపాల్సి వస్తే, నలుపు చోట మర్నాటిదాకా ఆగాల్సి రావొచ్చు. వాన, ఎండ, గాలి, పొర మందం అన్నీ కలుస్తాయి. చేతికి కుదిరిన అంచనా అన్నది సరిగ్గా ఈ జాగాలో పనికొస్తుంది, పుస్తకం పనికిరాదు.

జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ పెద్ద స్క్వీజీతో చేసిన చిత్రాలు కూడా ఈ కుటుంబంలోవే. పొడవాటి పట్టీకి రంగు రాసి తడి పొర మీద లాగితే కొంత పూస్తుంది, కొంత ఈడ్చుకుపోతుంది. ఎంత వత్తిడి, ఎంత వేగం అన్నది ఆయన చేతిలో ఉండేది, ఏ చోట కింది ఎరుపు బయటపడుతుందన్నది ఉండేది కాదు. లాగాక వచ్చినదాన్ని ఉంచాలా, మళ్లీ లాగాలా అన్న తీర్పులోనే పనితనం. సోషల్ మీడియాలో ఇప్పుడు ఊపుగా సాగుతున్న స్క్వీజీ వీడియోల్లో లేనిది ఆ రెండో సగం. ఒకసారి లాగగానే వీడియో అయిపోతుంది.

చిత్తూరు నుంచి పారిస్ దాకా ఒక నూనె లెక్క

రంగులు తమ దారి తామే వెతుక్కునేలా సామగ్రిని అమర్చడం ఎంతదాకా పోవచ్చో చూపించింది ఒక తెలుగువాడు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, లండన్ స్లేడ్ ఆర్ట్ స్కూల్ మీదుగా పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణ కార్యశాలకు చేరాడు. ఆయనది చిత్రలేఖనం కాదు, ముద్రణ. అయినా రంగు, సామగ్రి, స్ఫురణ మూడూ ఒకచోట ఇంత స్పష్టంగా దొరికే ఉదాహరణ వేరే కనిపించదు.

అంతకుముందు లోహపు పలక మీద చెక్కిన బొమ్మకు అనేక రంగులు కావాలంటే, రంగుకొక పలక చేసి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదిర్చి అచ్చువేయాల్సి వచ్చేది. అటెలియే 17లో ఆయన, కైకో మోతీ, హేటర్ బృందం పెంచిన విస్కాసిటీ (సిరా చిక్కదనం) పద్ధతిలో పలక ఒక్కటే. దాన్ని ఆమ్లంతో, పనిముట్లతో వేర్వేరు లోతులకు దించుతారు. పై మట్టం, మధ్య మట్టం, అట్టడుగున చెక్కిన గాళ్లు (గాడులు). ముందు గాళ్లలోకి గట్టి సిరా రుద్ది పైనంతా తుడిచేస్తారు. తర్వాత అవిసె నూనె ఎక్కువ కలిపిన పలుచటి సిరాను గట్టి రోలర్‌తో నడుపుతారు. గట్టిది వంగదు కాబట్టి పై మట్టాన్నే తాకుతుంది. చివరగా నూనె తక్కువున్న చిక్కటి సిరాను మెత్తటి రోలర్‌తో నడుపుతారు. మెత్తది వంగి కింది మట్టాల్లోకి కూడా దిగుతుంది. పైన అప్పటికే ఉన్న నూనె సిరా ఈ చిక్కటి సిరాను పట్టనివ్వదు, కింద పొడి లోహం మీద మాత్రం అది చక్కగా అంటుతుంది. కాగితం వేసి ప్రెస్‌లో ఒక్కసారి లాగితే రంగులన్నీ ఒకేసారి దిగుతాయి.

మొత్తం ఆట రెండు సిరాల మధ్య నూనె తేడాలో ఉంది. తేడా చాలకపోతే రెండూ కలిసిపోయి పలకంతా ఒకే మురికి ఛాయ. అవసరానికి మించి పలచనైతే పై సిరా గాళ్లలోకి కారుతుంది. చలికాలం ఉదయం సరిపోయిన నూనె మోతాదు ఎండెక్కాక సరిపోదు, వేడికి సిరా తనంతట తానే పలచబడుతుంది. అందుకే ఈ పని చేసేవాళ్లు సిరాను గాజు పలక మీద కత్తితో లేపి, అది తెగకుండా ఎంత పొడవున జారుతుందో, రోలర్ నడిపినప్పుడు ఎలాంటి చప్పుడు వస్తుందో గమనిస్తూ నూనె చుక్కలు చుక్కలుగా చేరుస్తారు. కృష్ణారెడ్డి 1963 నాటి 'వర్ల్‌పూల్' ముద్రణలో సుడి తిరిగే నీలాలూ ఆకుపచ్చలూ ఇలా ఒకదాన్నొకటి తోసుకుంటూ పుట్టినవే. తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, 2018లో అక్కడే కన్నుమూసే వరకు ఆయన ఎందరికో ఈ పని నేర్పాడు. మన దగ్గర పాఠశాల పిల్లలకు ఆయన పేరు తెలియకపోవడం మాత్రం విచిత్రమే.

పొరల క్రమం, వాతావరణం

నూనె రంగుల్లో పై పొరలో కింది పొరకన్నా నూనె ఎక్కువ ఉండాలి. తక్కువ నూనె ఉన్నది త్వరగా బిగుసుకుంటుంది. అది పైన ఉండి, కింద ఇంకా కదులుతున్న జిడ్డు పొర ఉంటే పై పొర చిట్లుతుంది. తొలి పొరలు టర్పెంటైన్‌తో పలచగా, తర్వాతివి నూనె పెంచుతూ వేయాలి. ఆరిన ఆక్రిలిక్ మీద నూనె రంగు వేయొచ్చు, నూనె మీద ఆక్రిలిక్ వేయకూడదు, పొలుసుల్లా ఊడిపోతుంది. జింక్ తెలుపు నూనెలో ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పొరలు విడిపోయేలా చేస్తుంది కాబట్టి అడుగు పొరల్లో దాన్ని మానేయడమే క్షేమం.

కోస్తా తేమలో ఆక్రిలిక్ చిత్రాలకు వచ్చే ఇబ్బంది వేరు. ఆక్రిలిక్ పొర ఆరాక కూడా వేడికి కొంచెం మెత్తబడుతుంది. రెండు కాన్వాస్‌లు ముఖాముఖి పెట్టి నిల్వ చేస్తే, పాలిథీన్ చుట్టి ఎండలో వ్యానులో పంపితే అతుక్కుని రంగు ఊడొస్తుంది. మధ్యలో సిలికాన్ పూత ఉన్న కాగితం వేయాలి. వర్షాకాలంలో గోడకు ఆనించి ఉంచితే వెనక బూజు పడుతుంది, గోడకూ ఫ్రేముకూ మధ్య వేలెడంత సందు వదిలితే గాలి ఆడుతుంది. అమెరికాలో ఉన్న కొనుగోలుదారులకు చుట్టి పంపేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. చలికి ఆక్రిలిక్ గట్టిపడి పెళుసవుతుంది. జనవరిలో చికాగో గడ్డకట్టే చలిలోంచి లోపలికి తెచ్చిన గొట్టాన్ని వెంటనే విప్పితే రంగు చిట్లుతుంది. ఒక రోజంతా గది వెచ్చదనంలో ఉంచాకే విప్పాలి. చుట్టేటప్పుడు రంగు వైపు బయటికి రావాలి, గొట్టం ఆరంగుళాలకన్నా సన్నంగా ఉండకూడదు.

ఎప్పుడు ఆపాలి

ఆపడం గురించి చిత్రకారులు చెప్పేవన్నీ కొంత గుట్టుగానే ఉంటాయి. కొన్ని గుర్తులు మాత్రం బయటికి చెప్పుకోదగ్గవి. కాన్వాస్ నేత గరుకు పూడిపోయి కత్తి జారిపోతుంటే ఆ చోట ఇంక రంగు పట్టదు, మీద వేసేది జారి ముద్దలవుతుంది. ఆఖరి మూడు మార్పులూ ఒకే మూలలో జరిగితే లోపం బహుశా ఆ మూలలో లేదు. చిత్రాన్ని తలకిందులు చేయడం, అద్దంలో చూడటం, ఫోనులో నలుపుతెలుపు ఫొటో తీయడం అందరూ చెప్పేవే. నలుపుతెలుపు ఫొటోకు ఇచ్చే గౌరవం కాస్త ఎక్కువైంది. వెలుగునీడల తేడా మీద నిలబడ్డ చిత్రానికి అది పనికొస్తుంది. ఒకే వెలుగులో ఉన్న ఎరుపు, ఆకుపచ్చల కంపనం మీద నిలబడ్డ చిత్రం ఆ ఫొటోలో ఖాళీ గోడలా కనిపిస్తుంది, అంతమాత్రాన అది చెడ్డదని కాదు. రెండు వారాలు గోడవైపు తిప్పి పెట్టి, తిప్పగానే మొదటి క్షణంలో కన్ను ఎక్కడ ఆగిందో చూడటం అంతకన్నా నమ్మదగ్గ పరీక్ష.

కంటికి అందనిది

కన్ను ఎంత ఆరితేరినా కనిపెట్టలేని గుణం ఒకటుంది, వెలుతురుకు రంగు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది. చిత్రకారుడు మార్క్ రోత్కో 1960ల మొదట్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం ముదురు క్రిమ్సన్ కుడ్యచిత్రాలు వేశాడు. ఆ ఛాయ కోసం అల్ట్రామెరీన్‌లో లితాల్ రెడ్ అనే ఎరుపు కలిపాడు. లితాల్ రెడ్ వెలుతురుకు నిలవదు. 1964లో వాటిని పెట్టింది హోలియోక్ సెంటర్ భవనంలోని భోజనశాలలో, పెద్ద పెద్ద కిటికీల ఎదురుగా. పదిహేనేళ్లు తిరక్కుండా ఎరుపు వెలిసిపోయి నీలం తేలిన చిత్రాలను 1979లో దించేసి గోదాములో పెట్టారు. మీద రంగు వేసి సరిచేసే వీలు లేదు, రోత్కో పైన వార్నిష్ వేయలేదు కాబట్టి కొత్త పూత పాతదానిలో కలిసిపోతుంది. 2014లో హార్వర్డ్ మ్యూజియం వేరే దారి పట్టింది. పాత ఫొటోల ఆధారంగా ఏ చోట ఎంత ఎరుపు పోయిందో కంప్యూటర్‌తో లెక్కగట్టి, ఆ తేడాను మాత్రమే ప్రొజెక్టర్‌తో చిత్రాల మీద వేసింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ప్రొజెక్టర్లు ఆపేసేవారు.

రోత్కో కన్ను ఆ క్రిమ్సన్‌ను ఎంచుకోవడంలో పొరపాటు చేయలేదు. ఎంచుకున్న పొడి మాత్రం తప్పు. ఇప్పుడు ట్యూబు మీద వెలుతురు మన్నిక గుర్తు ఉంటుంది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ శ్రేణుల్లో ఒకటి, రెండు అంటే నమ్మొచ్చు. అలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్ 83), ఫ్లోరోసెంట్ రంగులు, గుర్తే లేని చౌక ట్యూబులు అనుమానించదగ్గవి. పరీక్షకు ఖర్చేమీ లేదు. మందపాటి కాగితం మీద రంగును ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి తెలుపు కలిపి లేతగా, రెండు పట్టీలుగా పూయాలి. లేతది తప్పనిసరి, ఎందుకంటే వెలవడం ముందు కనిపించేది అక్కడే. రెండు పట్టీల్లో సగభాగాన్ని అల్యూమినియం రేకుతో కప్పి, వెనక తేదీ, కోడ్ రాసి, దక్షిణం వైపు కిటికీ అద్దానికి మూడు నెలలు అంటించాలి, వేసవి కలిస్తే ఇంకా మేలు. రేకు తీసినప్పుడు రెండు సగాల మధ్య గీత కనిపిస్తే ఆ ట్యూబు సాధన పుస్తకానికి సరిపోతుంది, కాన్వాస్‌కు కాదు.